మిగిలిన టైల్స్‌తో బొమ్మ చేద్దామంటే: మొజాయిక్, రంగులు, రెజిన్, టైల్ వెనకవైపు – ఎవరికి ఏది నప్పుతుంది

ఇల్లు కట్టుకున్న ప్రతివాళ్ల ఇంట్లోనూ మెట్ల కింద ఒక మూల ఉంటుంది. మిగిలిన టైల్స్ గోడకు చేరగిలబెట్టి, మీద గోనెసంచి కప్పి, ఏళ్ల తరబడి అలాగే ఉంచేస్తాం. ఒడిశాలోని పర్లాకిమిడిలో మా ఇంటి లెక్క ఇది: వంటింటి గోడవి 12×18 అంగుళాల టైల్స్ పదకొండు, హాల్లో నేలకి వేసిన రెండడుగుల విట్రిఫైడ్ నాలుగు, మేస్త్రీ కోసి పక్కన పడేసిన ముక్కలు ఒక సిమెంట్ బస్తా నిండా. పారేయడానికి మనసొప్పదు, అమ్ముదామంటే పదకొండు టైల్స్ ఎవరూ కొనరు.

నాలుగేళ్లుగా నేను వీటితో బొమ్మలు చేస్తున్నాను. తెలిసినవాళ్లు వచ్చి అడిగేది ఎప్పుడూ ఒకటే: మొజాయిక్ చెయ్యాలా, పెయింటింగ్ వెయ్యాలా, రెజిన్ పోయాలా, ఏది బాగుంటుంది? వీడియోలో ఏది అందంగా కనిపిస్తే అది మొదలుపెట్టేస్తారు. నేనూ అలాగే మొదలుపెట్టాను. పెరటి గోడకి నెమలి బొమ్మ, ఫర్నిచర్ పనిలో మిగిలిన ఎండీఎఫ్ (చెక్కపొట్టు అదిమి చేసిన) చెక్క మీద, తెల్ల జిగురుతో. జూన్‌లో గోడకి తగిలించాను. ఆగస్టు దాటేసరికి చెక్క అంచులు ఉబ్బి పొరలు పొరలుగా విచ్చుకున్నాయి, మెడ దగ్గరి నీలం ముక్కలు రోజుకొకటి రాలడం మొదలైంది, ఒకరోజు పొద్దున్న చూస్తే తోక మొత్తం గడప దగ్గర కుప్పగా పడి ఉంది. గీత బాగానే కుదిరింది, ముక్కలు బాగానే పేర్చాను, చెడిందల్లా అడుగున. అప్పటి నుంచి ఎవరడిగినా నేను ముందు రెండు మాటలు అడుగుతాను: మీ దగ్గర ఉన్నది ఏ టైల్, చేసిన బొమ్మ ఎక్కడ ఉంటుంది. ఈ రెండూ తేలితే ఏ పని చెయ్యాలో సగం దానంతటదే తేలిపోతుంది.

పని మొదలుపెట్టే ముందు ఒక మాట. ప్రతి డిజైన్‌లోనూ నాలుగైదు నిండు టైల్స్ ముట్టుకోకుండా పక్కన పెట్టండి. రేపు పైపు పగిలి గోడ తవ్వాల్సి వస్తే అదే టైల్ బజార్లో దొరకదు, డిజైన్ దొరికినా బ్యాచ్ మారితే షేడ్ మారుతుంది. నేను మొదట్లో ఈ జాగ్రత్త తీసుకోలేదు. ఇప్పుడు మా బాత్రూమ్‌లో కుళాయి వెనక ఒక్క టైల్ వేరే రంగులో ఉంది, స్నానానికి వెళ్లిన ప్రతిసారీ కన్ను దాని మీదికే పోతుంది.

ముందు చూసుకోవలసినవి

టైల్ తిరగేసి, వీపు మీద ఒక చుక్క నీళ్లు వెయ్యండి. చుక్క చూస్తుండగానే ఇంకిపోయి తడి మచ్చ పడితే అది సెరామిక్ గోడ టైల్. చుక్క ముత్యంలా అలాగే నిలబడితే విట్రిఫైడ్. గోడ టైల్ తన బరువులో పదో వంతు, కొన్ని రకాలు ఇంకా ఎక్కువ, నీళ్లు తాగుతుంది. విట్రిఫైడ్ తాగేది అర శాతం లోపే. ఈ ఒక్క తేడా వల్ల అంతా మారిపోతుంది: గోడ టైల్ సులువుగా పగులుతుంది, సులువుగా కోయవచ్చు, వీపు రంగు పీల్చుకుంటుంది, కానీ వానలో వదిలేస్తే నీళ్లు తాగి పాచి పడుతుంది. విట్రిఫైడ్ బయట ఎంతకాలమైనా ఉంటుంది, కానీ చేతి పనిముట్లకి లొంగదు, మామూలు సిమెంట్ దాని వీపుకి సరిగా పట్టదు. దానికి విట్రిఫైడ్‌కే అని బస్తా మీద రాసి ఉన్న టైల్ గమ్ము కావాలి.

ఎక్కడ ఉంటుందన్నది రెండోది. గదిలోనా, వరండాలోనా, పూర్తిగా వానకీ ఎండకీ బయటా? గంజాం, గజపతి జిల్లాల వైపు ఉండేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు. నాలుగు నెలల వాన, ఆ తర్వాత అక్టోబర్‌లో తుపాను భయం. 2018 అక్టోబర్‌లో తిత్లీ వచ్చినప్పుడు మా వీధిలో రేకులు కాగితాల్లా ఎగిరాయి. అలాంటి ఊళ్లో బరువైన టైల్ బొమ్మని బయట మేకుకి వేలాడదీయడం నాకు ఇష్టం లేదు. బయట పెట్టేదైతే గోడకి సిమెంట్‌తో అతికించాలి, లేదా నేల మీద కూర్చోబెట్టాలి.

మూడోది బరువు. గోడ టైల్ చదరపు అడుగు సుమారు కిలోన్నర తూగుతుంది, విట్రిఫైడ్ రెండు కిలోల దాకా. రెండడుగుల చదరం బొమ్మకి టైల్ ముక్కలు ఆరు కిలోలు, 12 ఎంఎం ప్లైవుడ్ మూడు కిలోలు, గమ్ము, సందులు నింపే గ్రౌట్ కలిపి ఇంకో రెండు. మొత్తం పదకొండు. అద్దె ఇంటి గోడకి ఒక మేకు కొట్టి వేలాడదీసే బరువు కాదిది.

చప్పుడు, దుమ్ము కూడా ముందే ఆలోచించుకోవాలి. కటింగ్ మిషన్ పెడితే పక్కింటికి కూడా వినిపిస్తుంది, పొడి టైల్ కోస్తే లేచే తెల్ల దుమ్ములో సిలికా ఉంటుంది, అది ఊపిరితిత్తుల్లోకి పోతే మళ్లీ బయటికి రాదు. రాళ్ల పనివాళ్లకి సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వచ్చేది ఈ దుమ్ముతోనే. అందుకని కోసేటప్పుడు నీళ్లు పోస్తూ కోయాలి, ఎన్95 మాస్క్, కళ్లద్దాలు తప్పనిసరి. ముఖానికి చున్నీ కట్టుకుంటే చాలదు.

ఖర్చు, సమయం, పిల్లలు కూడా చేయి వేస్తారా లేదా అన్నవి ఒక్కో పని దగ్గర చెబుతాను.

మొదటిది: పగలగొట్టి మొజాయిక్

అందరికీ ముందు గుర్తొచ్చేది ఇదే. ముక్కలు పేర్చడం, అతికించడం, సందుల్లో గ్రౌట్ నింపడం. స్పెయిన్‌లోని బార్సిలోనాలో 1900 నుంచి 1914 దాకా కట్టిన పార్క్ గుయెల్‌లో గౌడీ అనే ఆర్కిటెక్ట్ ఈ పనే చేయించాడు, అక్కడి పొడవాటి వంపుల బెంచీ మొత్తం పగిలిన టైల్ ముక్కలే. మన దేశంలో చండీగఢ్ రాక్ గార్డెన్ ఉంది. నేక్‌చంద్ అనే రోడ్డు ఇన్‌స్పెక్టర్ 1957 నుంచి ఎవరికీ చెప్పకుండా పగిలిన టైల్స్, గాజులు, పింగాణీ ముక్కలు పోగేసి బొమ్మలు చేస్తూపోయాడు, 1976లో దాన్ని జనం చూడటానికి తెరిచారు. ఆ పనులు దశాబ్దాల ఎండావానా తట్టుకుని ఇప్పటికీ నిలబడటానికి కారణం ఆ ముక్కలు సిమెంట్‌లో కూర్చున్నాయి, చెక్క మీద జిగురులో కాదు. నా నెమలి ఎందుకు రాలిందో నాకు అప్పుడు అర్థమైంది.

బయట పెట్టేదైతే అడుగున సిమెంట్ గోడ, సిమెంట్ కుండీ, సిమెంట్ బోర్డు, లేదా మిగిలిన గ్రానైట్ ముక్క ఉండాలి, అతికించేది టైల్ గమ్ము. లోపల పెట్టేదైతే మెరైన్ ప్లైవుడ్ సరిపోతుంది, అప్పుడు తెల్ల జిగురు వాడినా పరవాలేదు. ఎండీఎఫ్ మాత్రం గదిలో కూడా వద్దు, గ్రౌట్ తడికే ఉబ్బుతుంది.

పగలగొట్టడానికి మిషన్ అక్కర్లేదు. టైల్‌ని తడిపిన గోనెసంచి మధ్య పెట్టి, నేల మీద పరిచి, సుత్తితో మధ్యలో ఒక్క దెబ్బ. తడి గుడ్డ వల్ల దుమ్ము లేవదు, పెంకులు ఎగరవు. ఆ పెద్ద ముక్కల్ని చక్రాల నిప్పర్‌తో, అంటే టైల్ కొరికే పటకారుతో, కావలసిన ఆకారానికి కొరకాలి. ఒక సంగతి గమనించండి, నిప్పర్‌తో అలవాటు లేని చేతికి ముందుగా వచ్చే ఆకారం త్రికోణమే. గుండ్రం ముక్క రావాలంటే రెండు వారాల సాధన కావాలి. కాబట్టి మొదటి బొమ్మకి చేప, కొండ, గాలిపటం, పక్షి రెక్క లాంటివి పెట్టుకోండి, మొహాలు పెట్టుకోకండి. ముక్క అంచు బ్లేడులా తెగుతుంది, ప్రతి ముక్కనీ కార్బొరండం సానరాయి మీద రెండుసార్లు రుద్దాలి. ఇది విసుగు పని, అయినా మానకండి. గ్రౌట్ తుడిచేటప్పుడు స్పాంజితో పాటు వేలూ తెగుతుంది.

ముక్కకీ ముక్కకీ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల సందు ఉంచాలి. గ్రౌట్ బదులు తెల్ల సిమెంట్‌లో ఆక్సైడ్ రంగు కలిపి నింపేవాళ్లు మా వైపు ఎక్కువ, అది చౌకే కానీ ఆరేటప్పుడు ముడుచుకుని వెంట్రుకల్లాంటి పగుళ్లు వస్తాయి. గదిలో బొమ్మకి సరే, బయట తులసి కోటకి మాత్రం పాలిమర్ కలిసిన గ్రౌటే కొనండి. ఇక గ్రౌట్ రంగు: తెల్ల గ్రౌట్ పెడితే ముక్కల రంగులు వెలిసినట్టు కనిపిస్తాయి, ముదురు బూడిద రంగు పెడితే అవే ముక్కలు మెరుస్తాయి. నేను ఒకే డిజైన్ రెండు గ్రౌట్లతో చేసి పక్కపక్కన పెట్టి చూశాను, చూసినవాళ్లు రెండూ వేరే టైల్స్ అనుకున్నారు.

ఎక్కువ సమయం తినేదీ, ఎక్కువ కాలం నిలిచేదీ ఈ పనే. అడుగున్నర బొమ్మకి నాకు పది రోజుల సాయంత్రాలు పడతాయి.

రెండోది: నిండు టైల్ మీద రంగులు

పగలగొట్టకుండా మెరిసే వైపే రంగులు వేయడం. చప్పుడు లేదు, దుమ్ము లేదు, అపార్ట్‌మెంట్‌లో రాత్రి పదింటికి కూడా చేసుకోవచ్చు. కానీ టైల్ మెరుపు అంటే గాజు పొర, దాని మీద ఏ రంగూ ఇంకదు, పైన కూర్చుంటుంది అంతే. అక్రిలిక్ వేసి వారం ఆగి గోటితో గీకితే పొలుసులా లేచి వస్తుంది.

దీనికి మూడు దారులు. మొదటిది, 220 నంబరు ఎమరీ పేపర్‌తో మెరుపు పోయేదాకా రుద్ది, స్పిరిట్‌తో తుడిచి, ప్రైమర్ కొట్టి అప్పుడు అక్రిలిక్ వేయడం. రెండోది, తలుపులకి వేసే ఎనామెల్ పెయింటు, ఇది టైల్‌కి అక్రిలిక్ కంటే బాగా పడుతుంది, ఆరడానికి రోజు పడుతుంది, వాసన ఉంటుంది. మూడోది, పింగాణీ కోసమే అమ్మే రంగులు, వేశాక ఓటీజీలో (ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్) 150 డిగ్రీల దగ్గర అరగంట పైన కాల్చాలి. ఈ మూడోదే నా ఓటు. టైల్‌ని చల్లని ఓవెన్‌లో పెట్టి అప్పుడు వేడి పెంచాలి, అయ్యాక ఓవెన్‌లోనే చల్లారనివ్వాలి. వేడి టైల్ బయటికి తీస్తే మధ్యకి చీలిపోవచ్చు. అలా కాల్చింది కూడా అన్నం పెట్టుకోవడానికి కాదు, గోడకీ అలంకారానికీ మాత్రమే.

ఆల్కహాల్ ఇంక్ అని ఇంకొకటుంది, మెరిసే తెల్ల టైల్ మీద రెండు చుక్కలు వేసి ఊదితే మేఘాల్లా పాకుతుంది, చూడటానికి ఎంత బాగుంటుందో చెప్పలేను. పిల్లలు దానికి అతుక్కుపోతారు. అయితే ఆ రంగులు ఎండకి వెలిసిపోతాయి, కిటికీ ఎదురుగా పెడితే ఒక్క వేసవిలో సగం పోతుంది. సీలర్ స్ప్రే తప్పనిసరి, ఇంక్ ఆరేదాకా దగ్గర్లో దీపం, అగ్గి ఏదీ ఉండకూడదు.

మూడోది: రెజిన్

ఎపాక్సీ రెజిన్ అంటే రెండు ద్రవాలు కలిపి పోస్తే గాజులా గట్టిపడేది. దీని గురించి నేను కొంచెం కఠినంగానే మాట్లాడతాను. టైల్ మీద పువ్వులు, పట్టు పీలికలు, గవ్వలు పేర్చి పైన రెజిన్ పోస్తే అద్దంలా కనిపిస్తుంది, పెళ్లిళ్లకి కానుకలుగా ఇవ్వడానికి అందరూ ఇదే అడుగుతున్నారు. ఖర్చు మిగతా అన్నిటికంటే ఎక్కువ. టైల్ ఉచితంగా వచ్చిందన్న సంతోషం రెజిన్ సీసా కొన్నాక ఉండదు.

గాల్లో తేమ ఎక్కువుంటే రెజిన్ పైపొర జిడ్డుగా, మసకగా వస్తుంది. గోపాల్‌పూర్, ఛత్రపురం లాంటి సముద్రం పక్క ఊళ్లలో జూలైలో పోస్తే ఏమవుతుందో ఊహించుకోండి. ఎండకి పసుపు రంగు తిరుగుతుంది. మామూలు రెజిన్ యాభై అరవై డిగ్రీల వేడికి మెత్తబడుతుంది, అంటే పొయ్యి మీంచి దించిన టీ గ్లాసు పెడితే కింద గుండ్రటి గుర్తు పడుతుంది. టీ గ్లాసు కింద పెట్టుకునే పలకలుగా జనం ఎక్కువగా చేసేది ఇదే కాబట్టి ఈ సంగతి ముందే తెలుసుకోవాలి. రెజిన్, హార్డెనర్ పాళ్లు సీసా మీద ఎంత రాసి ఉంటే అంతే కలపాలి, కంటి అంచనా పనికిరాదు, పాళ్లు తప్పితే ఎన్ని రోజులైనా గట్టిపడదు. చేతికి నైట్రైల్ గ్లవ్స్, కిటికీలు తెరిచిన గది ఉండాలి. ఆస్తమా ఉన్నవాళ్లు, గర్భిణులు దీని జోలికి వెళ్లవద్దు, చంటిపిల్లలున్న గదిలో పోయవద్దు.

ఇన్ని చెప్పాక కూడా చెయ్యాలనుకుంటే నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య చేయండి. టైల్‌ని 4×4 అంగుళాలుగా మేస్త్రీ చేత కోయించుకోండి, 12×18 టైల్‌కి పన్నెండు వస్తాయి, రెండు అంగుళాల పట్టీ మిగులుతుంది. ఆ పట్టీ మొజాయిక్ బస్తాలోకి.

నాలుగోది: టైల్ వెనకవైపు

దీని గురించి వీడియోలు పెద్దగా చెప్పవు, నాకు మాత్రం ఇప్పుడు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. మన బజార్లో దొరికే గోడ టైల్స్ చాలావాటికి వీపు ఇటుక రంగులో ఉంటుంది. గుజరాత్‌లోని మోర్బీ నుంచి లారీల్లో వచ్చే ఆ టైల్ ముందువైపు ఎంత నున్నగా ఉన్నా, తిరగేస్తే కాల్చిన మట్టే. ఎర్రమట్టి అలికిన గోడని అరచేతి వెడల్పు కోసి తెచ్చినట్టు ఉంటుంది. మీద అచ్చు గళ్లు, సన్నటి గాడులు, కంపెనీ ముద్ర. ఆ గళ్లని చెరపకండి, అవే చట్రంలా పనికొస్తాయి.

ముందు బ్రష్‌తో బాగా కడగాలి, వీపు మీద తెల్లటి పొడి అంటుకుని ఉంటుంది, అది పోకపోతే రంగు దానితో పాటే రాలుతుంది. ఒకరోజు ఎండలో ఆరబెట్టాలి. తర్వాత గీత వేసే ముందు తడి స్పాంజితో ఒక్కసారి అద్దండి. పూర్తిగా పొడిగా ఉన్న టైల్ మీద కుంచె పెట్టగానే మట్టి నీళ్లు లాగేసుకుంటుంది, గీత రెండంగుళాలకే గరుకుగా తెగిపోతుంది. తడి అద్దితే అదే కుంచె జానెడు దూరం ఆగకుండా నడుస్తుంది. తప్పు పడితే తుడవడానికి ఉండదు, ఇంకిపోతుంది. ముగ్గు వేసే చేయి ఉన్నవాళ్లకి ఇది ఇబ్బంది కాదు, ముగ్గు కూడా తుడిచి వేసేది కాదు కదా. మా అత్తయ్య జీవితంలో ఎప్పుడూ కుంచె పట్టలేదు. మార్గశిర గురువారాలకి పిండితో వేసే లక్ష్మీ పాదాలు, వరి కంకులు ఒక టైల్ వీపు మీద వేసి చూపించమన్నాను. ఐదు నిమిషాల్లో పూర్తి చేశారు. పక్కింటి ఒడియా ఆవిడ వచ్చి చూసి, తన ఝోటీ, అంటే ఒడియా వాళ్ల పిండి ముగ్గు, ఇంకో టైల్ మీద వేశారు. రెండూ ఇప్పుడు పూజగది పక్క గోడకి ఉన్నాయి. పాదాలున్న టైల్‌ని గడప మీద పెడతామని కొందరు అడుగుతారు, వద్దు, తొక్కుతాం. పక్కగోడకే పెట్టండి.

రంగు మామూలు అక్రిలిక్ తెలుపు చాలు. బియ్యప్పిండితో వేస్తే పురుగు, బూజు పడతాయి. కుంచె కొనక్కర్లేదు, వెదురు పుల్ల చివర నమిలితే చాలా మంచి గీత వస్తుంది. ఆరాక మెరుపు లేని వార్నిష్ రెండు కోట్లు. ఇది వరండా దాకా సరే, వానలో వద్దు.

ఇక్కడ ఒక మాట మనసులోంచి చెప్పాలి. ఎర్ర నేల, తెల్ల గీత అనగానే మా వైపు అందరికీ సవర గిరిజనుల బొమ్మలు గుర్తొస్తాయి. గుణుపురం వైపు, గజపతి కొండల్లో సవరల ఇళ్ల గోడల మీద వేసే ఇడితాల్ బొమ్మలు, మనుషులు, ఏనుగులు, గుర్రాలు, సూర్యచంద్రులు. అవి వాళ్లకి అలంకారం కాదు, పెద్దల కోసం, దేవతల కోసం వేసే మొక్కుబడి. ఇప్పుడు గుడ్డ మీద, కాగితం మీద వేసి అమ్మేవాళ్లూ ఉన్నారు. ఆ బొమ్మని చూసి కాపీ వేసి మన పేరుతో అమ్ముకోవడం నాకు సమ్మతం కాదు. మీకు ఆ బొమ్మే కావాలంటే పది టైల్స్ కడిగి ఆరబెట్టి, వేసే సవర కళాకారుడికి ఇచ్చి, అడిగినంత డబ్బు ఇచ్చి వేయించుకోండి. మీరు మీ చేత్తో వేసేటప్పుడు మీ ఇంటి ముగ్గు వేయండి.

నాలుగూ పక్కపక్కన

| | మొజాయిక్ | ముందువైపు రంగులు | రెజిన్ | వెనకవైపు |
|---|---|---|---|---|
| ఏ టైల్ | రెండూ, విట్రిఫైడ్‌కి కోత కష్టం | ఏదైనా, తెలుపైతే మేలు | ఏదైనా | గోడ టైల్ మాత్రమే |
| వానలో ఉంచవచ్చా | సిమెంట్ అడుగైతే ఉంచవచ్చు | వద్దు | వద్దు | వద్దు, వరండా దాకా |
| ఎండలో | ఉంటుంది | ఇంక్ వెలుస్తుంది, కాల్చిన రంగు నయం | పసుపు తిరుగుతుంది | నీడ మేలు |
| చప్పుడు, దుమ్ము | ఎక్కువ | లేదు | చప్పుడు లేదు, పొగలు ఉంటాయి | లేదు |
| ఖర్చు | మధ్యస్థం | తక్కువ నుంచి మధ్యస్థం | ఎక్కువ | చాలా తక్కువ |
| పిల్లలతో | పేర్చడం వరకే | బాగుంటుంది | వద్దు | బాగుంటుంది |
| తప్పు దిద్దుకోవడం | గమ్ము ఆరేలోపు | తుడవవచ్చు | కుదరదు | కుదరదు |

ఎవరు ఏది

అద్దె ఇంట్లో ఉండి, మేకు కొట్టనివ్వని ఓనరు ఉంటే రంగులు లేదా వెనకవైపు. 12×18 టైల్‌ని 6×6గా కోయిస్తే సరిగ్గా ఆరు వస్తాయి, వాటిని చిన్న చెక్క స్టాండ్ మీద అల్మరాలో నిలబెట్టుకోవచ్చు. ఇల్లు మారేటప్పుడు చీరల మధ్య పెట్టి తీసుకుపోవచ్చు.

సొంత ఇల్లు, పెరడు ఉన్నవాళ్లు మొజాయిక్‌కి వెళ్లండి, మీకు ఉన్న సౌకర్యం అపార్ట్‌మెంట్ వాళ్లకి లేదు. మొదటి పనిగా తులసి కోట చేసుకోండి. సిమెంట్ కోట ఎలాగూ ఉంటుంది, నాలుగు చదునైన ముఖాలు, ఒక్కో ముఖం ఒక ఆదివారం. ఒక ముఖం నచ్చకపోతే రెండోదానిలో సరిచేసుకోవచ్చు. సున్నం పెచ్చులుగా ఉంటే ముందు గీకేసి, తడిపి, అప్పుడు టైల్ గమ్ము. మా కోట మూడు వానాకాలాలు చూసింది, ఒక్క ముక్క కూడా కదల్లేదు.

స్కూల్లో పిల్లల చేత చేయించాలనుకునే టీచర్లు టైల్ పగలగొట్టే పని ఇంట్లోనే చేసి, అంచులు రుద్ది, ముక్కలు డబ్బాలో పట్టుకెళ్లండి. ఐదో తరగతి లోపు వాళ్లకి వెనకవైపు టైల్, తెల్ల రంగు ఇస్తే చాలు, గంటలో ప్రతి పిల్లాడి చేతిలో పూర్తయిన బొమ్మ ఉంటుంది.

అమ్ముకోవాలనుకునేవాళ్లు ఏది ఎక్కువ ధర పలుకుతుందని అడుగుతారు. ధర కంటే ముందు పంపడం చూసుకోండి. మొజాయిక్ బరువు, కొరియర్‌లో పగిలే భయం. బరంపురంలోనో, మహేంద్రతనయ నది దాటి పాతపట్నంలోనో చేతికి ఇచ్చేదైతే పరవాలేదు, దూరం పంపాలంటే 6×6 టైల్ పెయింటింగే నయం. రెజిన్ అమ్మేవాళ్లు కొనేవాళ్లకి వేడి గ్లాసు సంగతి, ఎండ సంగతి ముందే చెప్పండి. చెప్పకుండా అమ్మితే రెండోసారి మీ దగ్గరికి రారు.

విట్రిఫైడ్ మాత్రమే మిగిలినవాళ్లకి దారి కొంచెం ఇరుకు. చేత్తో కోయలేరు కాబట్టి మేస్త్రీకి ఇచ్చి చదరాలుగా కోయించి, పెరట్లో నడిచే దారి పక్కన గోడకి గళ్ల మొజాయిక్ చేయించుకోండి. లేదా నిండు పలకనే ఆధారంగా తీసుకుని దాని మీద గోడ టైల్ ముక్కలు అతికించండి, ఉబ్బని, కుళ్లని అడుగు దొరికినట్టే. నేను ఎండీఎఫ్ వదిలేశాక చేసింది అదే. మీద నడిచే చోట మాత్రం మెరిసే ముక్కలు వద్దు, తడిస్తే జారుతుంది.

టైల్‌తో ఇంకేం కలపవచ్చు

టైల్ ఒక్కదానితోనే ఆగక్కర్లేదు. పగిలిన మట్టిగాజుల వంపు ముక్కలు పువ్వు రేకుల అంచులకి, అలల గీతలకి ఎంత బాగా కుదురుతాయో చూసి తీరాలి. బంగారు రంగు పూత ఉన్నవి వాడకండి, గ్రౌట్ తుడిచేటప్పుడు పూత పోతుంది. గోపాల్‌పూర్ ఒడ్డున ఏరిన గవ్వల్ని మంచినీళ్లలో రెండు రోజులు నానబెట్టి, నీళ్లు మార్చి, ఆరబెట్టి వాడండి, లేకపోతే ఉప్పు తెల్లగా పైకి తేలుతుంది. అద్దం ముక్కలు అతికించడానికి పుల్లటి వాసన వచ్చే సిలికాన్ వాడితే వెనక పూత నల్లబడుతుంది, న్యూట్రల్ సిలికాన్ అడగండి. పెంకు ముక్కలు, టెర్రకోట లాంటి మెరుపు లేని వాటికి గ్రౌట్ పెట్టక ముందే సీలర్ పూయాలి, లేకపోతే గ్రౌట్ మరక ఇక పోదు. బరంపురం పట్టు పీలికలు గదిలో బొమ్మలకి మాత్రమే, అదీ ముందు నీళ్లలో ముంచి రంగు దిగుతుందో లేదో చూసుకుని. మా ఊళ్లో కొమ్ముతో బొమ్మలు చేసే పని పాతది. ఆ కొమ్ము ముక్కల నలుపు తెల్ల టైల్ పక్కన చాలా బాగుంటుంది, ఎపాక్సీ జిగురుతో పడుతుంది, కానీ తేమకి వంకర తిరుగుతుంది కాబట్టి అదీ లోపలికే.

ఇప్పుడు మీ మెట్ల కింద ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, నాలుగైదు పక్కన పెట్టి, ఒకటి తిరగేసి నీళ్ల చుక్క వేసి చూడండి. చుక్క ఇంకితే ఆ టైల్ కడిగి, రేపటి ఎండలో పెట్టండి.